కర్మాధికారం లేని శోకం

భారతయుద్ధం ముగిసిన పిమ్మట గంగాతీరంలో జరిగిన ఉదకదానంతో స్త్రీపర్వం ముగుస్తుంది. చనిపోయిన వారికందరికీ జ్ఞాతులు నీరు విడుస్తున్నారు. తర్పణానికి నామగోత్రాలు పలుకవలె. అంతవరకు మౌనంగా ఉన్న కుంతి అప్పుడు కుమారులతో, కర్ణుడు కూడా తన గర్భాన జన్మించినవాడేననీ, అతనికి కూడా నీరు విడువవలెననీ చెబుతుంది. కన్నతల్లి అయి ఉండి కూడా ఆమె ఆ శవంపై బడి బహిరంగంగా ఏడ్చే హక్కును ఏనాడో పోగొట్టుకున్నది. విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలను తెనిగించిన తిక్కన చేతిలో ఈ ఘట్టం తెలుగువారి సొత్తయినది. భారతీయ సాహిత్యంలో శోకాన్ని గురించి ఆలోచించేవారు వాల్మీకి క్రౌంచపక్షితో ప్రారంభించడం పరిపాటి. కాని శోకానికీ సంఘానికీ గల సంబంధం తెలియాలంటే కుంతి మౌనంతో ప్రారంభించడం మేలు.

మరణం సంభవించిన ఇంట సంప్రదాయం మొదట చేసే పని దుఃఖానికి లెక్క కట్టడం. మైల ఎన్ని రోజులో, చిన్నదినమెప్పుడో, పెద్దదినమెప్పుడో, మాసికాలు, ఆబ్దికం ఎప్పుడో అన్నీ నిర్ణీతమే. ఎవరు తల గొరిగించుకోవలెనో, ఎవరు నిప్పు పట్టవలెనో, ఎవరు పరామర్శకు రావలెనో కూడా నిర్ణీతమే. ఇది కేవలం కఠిననియమమని తోసివేయరాదు. ఏమి చేయాలో తోచని వేళ చేతికి ఏదో ఒక పని అప్పగించి, ఒంటరిగా వదలక నలుగురి నడుమ నిలిపి, కొంతకాలానికి మళ్ళీ వంటయింటికీ పొలానికీ పంపగల ఉపాయమది. అయితే ఏ ఏర్పాటుకైనా ఒక సరిహద్దు ఉంటుంది. కర్మాధికారం కొందరికే ఉన్నది. మిత్రునికి లేదు, శిష్యునికి లేదు, అన్యకులస్థునికి లేదు. కుమారుడుండగా కుమార్తెకు లేదు. శాస్త్రం వీరి దుఃఖాన్ని నిషేధించలేదు. దానికి చోటు మాత్రం చూపలేదు.

చోటు దొరకని ఆ దుఃఖం మాటను ఆశ్రయించింది. స్మృతికావ్యం, అనగా చనిపోయిన ఒకానొక వ్యక్తిని పేరు పెట్టి తలచుకొని చెప్పే కవిత్వం, ఈ దేశంలో తరచుగా పుట్టినది ఇటువంటి చోటనే.

మన పల్లెలలో స్త్రీలు రాగాలు తీసి ఏడ్వడం దీనికి తొలిరూపం. అనేక కులాలలో ఆడవారు శ్మశానానికి వెళ్ళరు. వారి అధికారం ఇంటి వాకిలితో ఆగిపోతుంది. ఆ వాకిట్లోనే వారు పోయినవారి గుణాలను, చేసిన మేలును, పడిన కష్టాన్ని, తీరని కోరికను రాగయుక్తంగా ఏకరువు పెడతారు. బ్రతికున్నవారిపై నిష్ఠూరాలు కూడ ఆ రాగంలోనే దొర్లిపోతాయి. మరొకప్పుడు అనరాని మాటను అక్కడ అనవచ్చును. ఎవరూ తప్పు పట్టరు. పురుషుడు మంత్రంతో చేసే పనిని స్త్రీ మాటతో చేసినదన్నమాట.

లిఖితకవిత్వంలో ఇటువంటి గొంతు చాలాకాలం చాటువులలోనే వినిపించింది. 1529లో కృష్ణదేవరాయలు మరణించిన పిమ్మట పెద్దన చెప్పినట్లు ప్రసిద్ధమైన పద్యంలో కవి రాజు పరాక్రమాన్ని గాక, తనకు అతడు చేసిన మన్ననలనే తలచుకుంటాడు: పల్లకికి చేయి పట్టడం, కాలికి గండపెండేరం తొడగడం. ఆ పద్యంలో ఉన్నది ఆశ్రితుడు మాత్రమే కాదు, స్నేహితుడు. రాజుకు కర్మ చేసేవారు వేరే ఉన్నారు. కవికి మిగిలినది జ్ఞాపకమొక్కటే.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ ధోరణి కావ్యరూపం దాల్చింది. గుజరాతీలో దలపత్‌రామ్ రచించిన ‘ఫార్బస్ విరహ్’ను ఆ భాషలో తొలి స్మృతికావ్యంగా చెబుతారు. అలెగ్జాండర్ ఫార్బస్ ఆంగ్లేయ ప్రభుత్వోద్యోగి. దలపత్‌రామ్ సహాయంతో గుజరాతు చరిత్రకు ఆధారాలు సేకరించి 1856లో ‘రాస్‌మాలా’ను ప్రకటించినవాడు. 1865లో అతడు మరణించగా, మతం వేరు, జాతి వేరు, పాలకుడొకరు పాలితుడొకరు అయిన ఆ స్నేహానికి ఏ కర్మకాండలోనూ తావు లేకపోయింది. కావ్యమే తావయినది.

మలయాళంలో కుమారన్ ఆశాన్ ‘ప్రరోదనం’ (1919) ఇంతకంటె గంభీరమైనది. 1918లో గతించిన ఏ.ఆర్. రాజరాజవర్మ ‘కేరళపాణినీయం’ కర్త, రాజవంశీయుడు. ఆశాన్ ఈళవకులస్థుడు. ఆశాన్ ‘నళిని’కి పీఠిక వ్రాసి, ఆ నూతనకవితకు పండితలోకంలో గౌరవం కలిగించినవాడు రాజరాజవర్మయే. నాటి కేరళంలో వారిరువురి నడుమ కులం విధించిన దూరం ఎంతటిదో తెలిసినవారికి, ఆశాన్ తన కావ్యభావనను చితాస్థలి చుట్టూ నిలపడంలోని అర్థం బోధపడుతుంది. సంఘం ఎడంగా నిలిపిన మనిషి కవిత్వంలో చితికి అతి సమీపంగా నిలిచినాడు.

హిందీలో నిరాలా ‘సరోజ్ స్మృతి’ (1935) మరొక విధమైన వైపరీత్యం. సంతానం పితరులకు తర్పణం విడవడం లోకమర్యాద. ఇక్కడ తండ్రి కూతురికి విడవవలసి వచ్చింది. ఆమె వివాహాన్ని ఆడంబరం లేకుండా, పురోహితుని పని కూడా తానే చేసి జరిపించిన తండ్రి అతడు. పత్రికలనుంచి రచనలు తిరిగివచ్చే పేదకవిగా ఆమెకు ఏమీ చేయలేకపోతినన్న పశ్చాత్తాపం కావ్యమంతటా వ్యాపించి ఉన్నది. చివరకు తన గతకర్మల ఫలాన్నే ఆమెకు అర్పించి తర్పణం చేస్తాడు. మంత్రం లేని చోట కావ్యమే మంత్రమైనదని ఇంత సూటిగా చెప్పిన రచనలు అరుదు.

తెలుగులో శ్రీశ్రీ తన ‘మహాప్రస్థానం’ను కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చినాడు. ‘ఉదయిని’ పత్రికను నడిపిన జనార్దనరావు 1937లో చిన్నవయసులోనే మరణించినాడు. గ్రంథం వెలువడినది 1950లో. పదమూడేళ్ళు గడిచినా ఆ స్నేహితుని పేరే గ్రంథానికి ముంగిట నిలిచింది. ఆ అంకితగీతంలో దుఃఖంతో పాటు లోకంపై ఆగ్రహమున్నది: ఇటువంటివాడు పోయినా లోకం తన పని తాను చూసుకుంటున్నదే అని. శోకించే హక్కు దొరకనివానికి సహజంగా వచ్చే కోపమది.

కర్మాధికారం ఉన్నవారు మాత్రం వ్రాయలేదా అన్న ప్రశ్న ఇక్కడ న్యాయమే. భార్య 1902లో మరణించగా రవీంద్రుడు ‘స్మరణ్’ వ్రాసినాడు. విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ని వెలువరించినాడు. భర్తకు అధికారమున్నది నిజమే. కాని అది కొన్ని దినాలకే. ఆ తరువాత అతడు యథాప్రకారం వ్యవహరించాలని లోకం ఎదురుచూస్తుంది. గడువు తీరిన దుఃఖం కూడా అధికారం పోయిన దుఃఖమే.

శోకించేవారే మిగలని సందర్భం కూడా ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాదిమంది మరణించారు. కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకొనిపోయిన చోట ఎవరికి ఎవరు నీరు విడవాలి? నగ్నముని ‘కొయ్యగుర్రం’ ఆ ప్రశ్న ముందు నిలిచిన కావ్యం. అక్కడ స్మృతికావ్యం ఒకరి పేరును వదలి ఊళ్ళ పక్షాన మాట్లాడవలసి వచ్చింది.

సంఘం గుర్తించని ఇటువంటి దుఃఖాన్ని ప్రత్యేకంగా పరిశీలించి, 1989లో కెనెత్ డోకా అనే అమెరికన్ పండితుడు దానికి శాస్త్రంలో ఒక స్థానం కల్పించినాడు. బహిరంగంగా ఏడ్చే వీలులేని శోకం మరింత బరువవుతుందని ఆయన వాదం. కవులు ఆ సంగతిని ముందే ఎరుగుదురు. అయితే కావ్యం ఆ బరువును దించివేస్తుందనడం అతిశయోక్తి. నిరాలా శాంతించినాడనీ, శ్రీశ్రీ కోపం చల్లారినదనీ ఆయా రచనలలో ఎక్కడా లేదు. దుఃఖం తీరిపోయినట్లు ముగిసే స్మృతికావ్యాన్ని పాఠకులు నమ్మరు కూడా. కావ్యం చేయగలిగినది అంతకంటె చిన్నది, అంతకంటె అవసరమైనది: పోయినవారికీ ఉన్నవారికీ గల బాంధవ్యాన్ని నలుగురి ఎదుట ప్రకటించడం.

కుంతి చేసినది కూడా అంతే. ఆమె చెప్పిన మాటతో కర్ణుడు తిరిగి రాలేదు. ధర్మరాజుకు ఊరట కలుగకపోగా దుఃఖం రెట్టింపయినది. కాని ఆమె నోరు విప్పిన తరువాతనే అన్నగారికి ఏ సంబంధంతో నీరు విడవాలో అతనికి తెలిసింది.