యాగంటి బసవన్న ఱంకె

నంద్యాల జిల్లా బనగానపల్లెకు చేరువగా ఎఱ్ఱమల కొండలలో వెలసిన యాగంటి క్షేత్రమును వర్ణించువారు సంగమవంశపు రాజుల ఆలయనిర్మాణమును, కొండధార చేరు పుష్కరిణిని ప్రస్తుతింతురేకాని, ఆ స్థలము తరతరములుగా జనులకు నేర్పిన భయముల జోలికి సాధారణముగా పోరు.

ఆ భయములలో ఒకటి బసవన్నది. ఆలయమందలి ఈ నంది విగ్రహము చుట్టును ఒకప్పుడు భక్తులు ప్రదక్షిణము చేసెడివారనియు, శిల పెరుగుటచే నేడు విగ్రహమునకును స్తంభములకును నడుమ మనిషి దూరుట దుర్ఘటమైనదనియు స్థానికులు చెప్పుదురు. ఇరువది యేండ్లకు ఒక అంగుళమను లెక్కయు ప్రచారమున నున్నది. అయితే, అంగుళముల లెక్కతో నెవ్వరును జడిసికొనరు. 17వ శతాబ్దమున బనగానపల్లెలో అచ్చమ్మగారి పసులు గాచుచు రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెనని ప్రతీతిగల పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, కలియుగాంతమున ఈ బసవన్న లేచి ఱంకె వేయునని చెప్పెనను మాట తోడైన పిమ్మటనే ఆ పెరుగుదల భయహేతువైనది.

ఈ భయము తాతనుండి మనుమనికి నెత్తుటిద్వారా వచ్చినదా, నోటిద్వారానా? 1992లో అమెరికాలోని వర్జీనియాయందు కెన్నెత్ కెండ్లరును సహచరులును 2,163 మంది కవల స్త్రీలను పరిశీలించి, ఫోబియాలలో జన్యువుల పాలు సుమారు నూటికి 30 మొదలు 40 వఱకు ఉండునని అంచనా కట్టిరి. భయమునకంతటికిని మూలమైన జన్యువొక్కటి యని కాదు. అల్పప్రభావముగల జన్యువు లనేకము కూడి మనిషిని బెదురు స్వభావముగలవానిగా చేయును. దేనికి బెదరవలెనో చాలవఱకు బ్రతుకే నేర్పును. 1980ల దశకమున సూసన్ మినేక, మైకేల్ కుక్ చేసిన ప్రయోగములు నాకు మిక్కిలి రుచించినవి: ప్రయోగశాలలో పెరిగి పామనిన బెదరెఱుగని కోతులు, బెదరు కోతిని చూచినంతనే పామునకు భయపడ నేర్చినవి, పువ్వును చూచి మఱొక కోతి బెదరుచున్నట్లు చిత్రము కల్పించి చూపినను, పువ్వునకు భయపడ నేర్వలేదు. అనగా నేర్చుకొను సిద్ధతయే పుట్టుకతో వచ్చునది. పాఠము పెద్దల మొగముననే యుండును.

యాగంటిలో ఈ రెండును చూడవచ్చును. వీరబ్రహ్మము పేర ఇచ్చటనున్న గుహలోనికి నడుము వంచి దూరునపుడు, కప్పు వీపునకు తగులునంత దగ్గఱై చీకటి కమ్మగా గుండె ఝల్లుమనుటకు పెద్దగా గురువక్కఱలేదు. ఱంకెకు దడియుటకు మాత్రము అవ్వ చెప్పి తీరవలెను.

ఇచ్చటి స్థలపురాణము భయమునకు విరుగుడునుకూడ సమకూర్చినది. అగస్త్యుని శాపముచే ఇచ్చట కాకులు వాలవందురు. కాకి శనికి వాహనము గనుక శనియు అడుగిడడని నమ్మిక. ఏలినాటి శనికి వెఱచి వచ్చినవాడు ఆ ప్రాంగణమున ఊపిరి పీల్చుకొని, ఆ వెంటనే బసవన్న ఎంత పెరిగెనో చూడబోవును.