గోల్కొండ కూలాక డచ్చివారికి ఏమైంది?

సాయంత్రం ఏడు దాటితే లక్డీకాపూల్ ఫుట్‌పాత్‌ల మీద సూట్‌కేసులు, అట్టపెట్టెలు, ట్రావెల్స్ బస్సుల కోసం ఎదురుచూసే జనం. మచిలీపట్నం, పాలకొల్లు, నరసాపురం, కాకినాడ. ఆ బోర్డుల మీది ఊళ్లన్నీ ఒకప్పుడు డచ్ ఈస్టిండియా కంపెనీ లెక్కల పుస్తకాల్లోనూ ఉండేవి. కుతుబ్‌షాహీల చివరి రోజుల్లో దానికి హైదరాబాదులోనూ ఒక కొఠీ, అంటే వర్తక స్థావరం, ఉండేది. ఖమ్మం దగ్గర నాగులవంచలో మరొకటి.

1602లో దాదాపు 64 లక్షల గిల్డర్ల వాటాధనంతో పుట్టిన ఆ కంపెనీ పదిహేడో శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్ద వర్తక సంస్థ. అంతటి కంపెనీ 1799 డిసెంబరు 31న, పది కోట్ల గిల్డర్లకు పైబడిన అప్పులతో ముగిసిపోయింది. కారణం అడిగితే పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషువాళ్లతో యుద్ధాన్ని చూపిస్తాయి. అది చివరి దెబ్బే, కాదనను. పుండు మాత్రం చాలా ముందే, మన తీరంలోనే పడిందని నాకనిపిస్తుంది.

డచ్చివారికి కావలసింది మిరియం, జాజికాయ, లవంగం. అవి పండే దీవుల జనానికి మన బట్ట కావాలి. అందుకే 1605లో మచిలీపట్నంలో దిగారు, ఆ మరుసటి ఏడాది నిజాంపట్నంలో కొఠీ పెట్టారు. కంపెనీ నేరుగా మగ్గం దగ్గరికి వెళ్లేది కాదు. మధ్యలో మన వర్తకులు, దుబాసీలు. కొఠీలో బయానా తీసుకుని, దాన్ని ఊరూరా సాలెలకు, దేవాంగులకు పంచి, నెలల తర్వాత తానులు తెచ్చి అప్పగించేవారు. ఎరుపు రంగుకు చిరివేరు, నీలానికి నీలిమందు. కొఠీలో ప్రతి తానూ విప్పి, కొలిచి, నేత పలచబడితే ధర తగ్గించేవారు. ఓడెక్కిన ఆ గుడ్డ జావాలోని బటావియా చేరి, అక్కణ్నుంచి దీవులకు పోయి సుగంధ ద్రవ్యాలుగా మారేది. ఐరోపా నుంచి తెచ్చే వెండి భారం ఆ మేరకు తగ్గేది. తెలుగు నేతగాడి మగ్గం కంపెనీకి ఒకరకంగా టంకశాల.

ఈ ఏర్పాటు నిలబడాలంటే ఇక్కడ నమ్మకమైన రాజ్యం, అక్కడ కొనగలిగే జనం ఉండాలి. రెండూ దాదాపు ఒకే కాలంలో చెదిరాయి.

రావలసిన బాకీల మీద గోల్కొండ సుల్తానుతో పేచీపడి 1686లో డచ్చివారు మచిలీపట్నాన్నే బలవంతంగా ఆక్రమించుకున్నారు. పక్కలో మొగలు సైన్యాలున్న సుల్తాను మీద ఆ సమయంలో అంత పంతమా! ఆ ఏడే సుల్తాను మంత్రులు అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687 సెప్టెంబరులో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. దాంతోపాటే కరవు, మహమ్మారి. నాగులవంచ కొఠీ ఆ అలజడిలోనే పోయింది. 1690 నాటికి కంపెనీ తన కోరమండల్ తీరపు ముఖ్యకేంద్రాన్ని పులికాట్ నుంచి దక్షిణాన నాగపట్నానికి మార్చేసింది.

అటు జావాలో సంగతి ఇంకా విచిత్రం. గుత్తాధిపత్యం చేతికొచ్చాక కంపెనీ అక్కడి పంటలను చవగ్గా కొంటూ, మన బట్టను ప్రియంగా అమ్మింది. చేతిలో డబ్బాడని జావావాళ్లు సొంతంగా నేసుకుని, మైనపు అద్దకంతో బాటిక్ కట్టుకోవడం మొదలుపెట్టారు. తన ఖాతాదారుల్ని తానే పేదల్ని చేసుకున్న దుకాణం ఎన్నాళ్లు నడుస్తుంది?

ఇక ఇంటిదొంగలు. చాలీచాలని జీతాల ఉద్యోగులు కంపెనీ ఓడల్లోనే సొంత సరుకు వేసుకునేవారు. ఇది పైవాళ్లకు తెలియక కాదు. 1684లోనే హెండ్రిక్ వాన్ రీడ్ అనే పెద్దమనిషిని విచారణకు పంపారు. మలబారు మొక్కల మీద మహాగ్రంథం తయారు చేయించినవాడాయన. కోరమండల్ కొఠీల లెక్కలూ తిరగేశాడు. 1691లో సూరత్ వెళ్తూ ఓడలోనే చనిపోయాడు. రోగం మాత్రం కుదరలేదు.

ఇదంతా దగ్గర్నుంచి చూసిన ఉద్యోగి మరొకడు డేనియల్ హావార్ట్. పారసీ భాష వచ్చినవాడు, హైదరాబాదులో పనిచేసినవాడు. ఇంటికెళ్లి 1693లో కోరమండల్ మీద పుస్తకం అచ్చువేయించాడు. దాని పేరులోనే ‘ఉత్థాన పతనాలు’ ఉన్నాయి. కంపెనీ మూతపడటానికి అప్పటికింకా నూరేళ్లకు పైనే ఉంది.

ఆ నూరేళ్లలో ఎక్కువకాలం ఆమ్‌స్టర్‌డామ్‌లో లాభాల పంపకం దర్జాగానే సాగింది. కంపెనీ జీవితకాలం మొత్తం మీద సగటున ఏటా సుమారు 18 శాతం! వాటాధనం పెంచకుండా అప్పులతో నెట్టుకొచ్చారు. 1759లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం గెలిచి, మరికొన్నేళ్లకు ఉత్తర సర్కార్లకే యజమానులయ్యారు. పన్ను వసూలు చేసేదీ, గుడ్డ కొనేదీ ఒకరే అయ్యాక సాలెవాడు డచ్చివారి బయానా ఏ ధైర్యంతో పుచ్చుకుంటాడు? 1780లో ఇంగ్లీషువాళ్లతో మొదలైన యుద్ధంలో నాగపట్నం పోయింది, మరి తిరిగి రాలేదు. భీమునిపట్నం చేతులు మారి మళ్లీ వాళ్లకే దక్కింది. 1796లో కంపెనీని డచ్ ప్రభుత్వమే తీసుకుంది.

మచిలీపట్నంలో వలందుల (డచ్చివారి) పేరు మీద వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. డచ్చివారి సమాధుల మీద వంశచిహ్నాలు ఎంత లోతుగా చెక్కారో, ఉప్పుగాలికి కూడా చెరిగిపోలేదు. పాలకొల్లు, కాకినాడలోని జగన్నాథపురం, భీమునిపట్నం మాత్రం 1824 లండన్ ఒప్పందంతో బేరంలో పోయాయి. సుమత్రాలోని బెంకులెన్‌ను ఇంగ్లీషువాళ్లు వదులుకున్నారు. బదులుగా మలక్కా, దానితోపాటు భారతదేశంలోని డచ్ స్థావరాలన్నీ పుచ్చుకున్నారు. మరుసటి ఏడాది అప్పగింతలు పూర్తయ్యాయి.