చెరువు కట్టుబాటు ఎవరి చేతిలో?

మా పెనుకొండ, ధర్మవరం, హిందూపురం పక్క చెరువు నిండిన ఏడు పండగే. పిల్లోళ్లు పొద్దస్తమానం ఈతకు పడతారు. ఏదో ఒక ఊళ్లో ఒకరిద్దరు మునిగి పోతారు. అప్పుడు అధికారులొచ్చి కట్ట మీద బోర్డు పాతుతారు: 'లోతుగా ఉంది, నీళ్లలోకి దిగరాదు.' లోతు ఏ పక్క ఉందో, ఏ పక్క లేదో బోర్డు చెప్పదు. అది తెలిసిన మనిషిని ఎవరూ అడిగి ఉండరు కాబట్టి.

ఆ మనిషి నీరుగంటి.

చెరువుకు భద్రతా నియమాలు ఇప్పుడు పుట్టినవి కావు. తాగే నీళ్లలో గొడ్లను దించకూడదు. తూము తీసినప్పుడు దాని దాపుకు పోకూడదు, నీళ్లు లోపలికి లాగుతాయి. మరవ పారేటప్పుడు అడ్డంగా దాటకూడదు. ఒండ్రు తోడిన గుంతల పక్క దిగకూడదు. ఈత రానోడు నడుముకు ఎండు సొరకాయ కట్టుకోవాల. వీటిని ఎవరూ పుస్తకంలో రాయలేదు. ఏటా నీళ్లలో మునిగి తూము తీసి మూసిన నీరుగంటి వీటిని ఒళ్లుతో నేర్చుకున్నాడు. మా ప్రాంతంలో చాలా ఊళ్లలో ఆ పని మాల, మాదిగలదే.

మా అవ్వ వాళ్ల నాయన నీరుగంటి. ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఊరోళ్లు స్నానాలు చేసే మెట్ల మీద ఆయన కాలు పెట్టకూడదు. కట్టకు ఆ చివర బండల పక్క నుంచి దిగాల. అయితే ఊరి పిల్లోడెవరైనా మునిగితే కబురు మొదట వాడకే వచ్చేది. ఆయన మునిగి, వెతికి, శవాన్ని భుజాన వేసుకుని అవే మెట్ల మీదుగా పైకి తెచ్చేవాడు. "ఆ పొద్దు మాత్రం మైల లేదు నాయనా" అనేది అవ్వ.

ఊరి చెరువుకు రెండు రకాల కట్టుబాట్లు ఉండేవి. ఒకటి ప్రాణం కాపాడేది, ఒకటి కులం కాపాడేది. మొదటిది మనోళ్లు తయారుచేసింది. రెండోది మన మీద రుద్దింది. చరిత్ర పుస్తకాలు మాత్రం రెంటినీ కలిపి 'గ్రామ సంప్రదాయం' అన్నాయి.

పెనుకొండ నీటి చరిత్ర చెప్పేవాళ్లు 1388 నాటి శాసనాన్ని గర్వంగా చూపిస్తారు. పెనుకొండలో ఉన్న ప్రతాప బుక్కరాయలు జనమంతా సుఖంగా ఉండాలని పెన్న నీళ్లు మళ్లించమని జలసూత్రం తెలిసిన సింగయభట్టును ఆజ్ఞాపించాడని అందులో ఉంది. రాజు పేరుంది, భట్టు పేరుంది. కాలువ తవ్విన చేతుల పేర్లు లేవు. 'జనమంతా' అన్న మాటలో వాడ ఉందా లేదా అన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

దానికి చట్టం జవాబు చెప్పడానికి అయిదు వందల ఏళ్లు దాటింది. అప్పట్లో అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టి, దారులు, బావులు, చెరువులు అందరివీ అనిపించాడు. అటు బొంబాయి రాష్ట్రంలో 1923లోనే అలాంటి తీర్మానం అయింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కానీ 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాదిమందితో చౌదార్ చెరువు నీళ్లు తాగితే దాడి జరిగింది. తర్వాత ఆ చెరువును పేడ, గోమూత్రాలతో 'శుద్ధి' చేశారు. తాగే నీళ్లలో పేడ కలపడం శుద్ధి, మనిషి దోసిలి ముంచడం మైల! కేసు నడిచి నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనోళ్లు గెలిచారు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు చెప్పి మరీ వివక్షను నిషేధించింది. కాగితం మీద చెరువు అందరిదీ అయింది.

కారంచేడు గురించి మనం చాలా రాసుకున్నాం. ఆత్మగౌరవ పోరాటమని, భూస్వామ్య దాడి అని రాశాం. రెండూ నిజమే. ఇంకో మాట కూడా చేర్చాలి. 1985 జులై 16 సాయంత్రం మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల మురికి నీళ్లలో కలిసేలా చేశారు. వద్దన్న కుర్రాడిని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడి, తన మీదికొచ్చిన వాళ్లకు బిందె ఎత్తి ఎదురు నిలిచింది. ఆమె కొత్త హక్కేమీ అడగలేదు. తాగే నీళ్లు పాడు చేయొద్దు అంది. అది ఊరంతటికీ పనికొచ్చే ఆరోగ్య నియమం. నియమం తప్పు కాదు, దాన్ని ఒక మాదిగ ఆడమనిషి అమలు చేయబోవడమే వాళ్లకు తప్పయింది. మరుసటి రోజు ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో గానీ రాలేదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టంలో, దళితులు, ఆదివాసులు వాడుకునే నీటిని పాడుచేయడం నేరమని ఒక క్లాజు ఉంది. చదువుతుంటే నాకు ఆ బిందే కనబడుతుంది. సువార్త నోటితో చెప్పిన కట్టుబాటు నాలుగేళ్లకు పార్లమెంటు చట్టంలోకి ఎక్కింది.

చెరువు మీద పెత్తనం మాత్రం చేతులు మారలేదు. 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది, నీటి సంఘాలు పెట్టారు. సంఘంలో ఓటు ఆయకట్టు కింద భూమి ఉన్న రైతుది. తరతరాలుగా తూము తీసినవాడికి ఆయకట్టులో సెంటు లేకపోతే ఓటూ లేదు, మాటా లేదు.

2016లో హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరాయి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఎండు చెరువులు చూసి పెరిగిన పిల్లలకు ఈత నేర్చుకునే నీళ్లే లేకపోయాయి. అలాంటి పిల్లలు నిండిన నీళ్లలోకి దిగుతున్నారు. తెలిసినవాళ్లేమో వాడల్లో ముసలోళ్లయిపోతున్నారు.

ఈ పత్రిక చదివే విద్యార్థులను, టీచర్లను ఒకటి అడుగుతున్నాను. మీ వాడలో నీరుగంటి పని చేసినవాళ్లుంటే వాళ్లను చెరువు దగ్గరికి పిలుచుకుపోండి. గుంతలెక్కడ, తూమెక్కడ, గొడ్లు ఏ పక్క దిగాలి, పిల్లలు ఏ పక్క దిగొచ్చు, ఏ రాయి మునిగితే మరవ పారుతుంది, అన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ కాగితం పంచాయతీకి ఇచ్చి, బోర్డు మీద అదే రాయమనండి. చెప్పిన మనిషి పేరు కూడా కింద వేయమనండి.