గాలిమరకు తగిన జనరేటరు

గాలికి నిలకడ లేదని మలికిపురం కొబ్బరితోటల్లో తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు. పగలు సముద్రం వైపునుండి వీచిన గాలి రాత్రి నేలవైపునుండి వీస్తుంది. నడుమ ఒక్కొక్కప్పుడు ఆకైనా కదలదు. గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది, సగమయితే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇంత చపలమైన శక్తితో దీపాన్ని ఒకే తీరున వెలిగించటమెట్లా?

1888లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరంలో ఛార్లెస్ బ్రష్ తన పెరటిలో 144 రెక్కల గాలిమరను నిలిపాడు. చక్రం వ్యాసం 17 మీటర్లు. దాని ఫలం 12 కిలోవాట్లే! మెల్లగా తిరిగే చక్రంతో డైనమోను వేగంగా తిప్పటానికి పట్టీలు, కప్పీలు అమర్చి వేగాన్ని 50 రెట్లు పెంచాడు. పుట్టిన ఏకముఖ విద్యుత్తును బ్యాటరీలలో నిలవచేశాడు. ధనికుని మేడకు ఇది చాలు, పల్లెకు చాలదు.

పల్లె సంగతి పట్టించుకొన్నవాడు ఒక ఉపాధ్యాయుడు. డెన్మార్కులో ఆస్కోవ్ గ్రామ పాఠశాలలో పనిచేసిన పౌల్ లా కూర్ 1891లో అక్కడే ప్రయోగాల గాలిమరను కట్టించాడు. గాలి ఎంత విసురుగా వీచినా డైనమోపై పడే లాగుడు హద్దు మీరకుండా చూసే సాధనాన్ని కల్పించాడు. విద్యుత్తుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజనుతో బడిలో దీపాలు వెలిగించాడు. ఆ వాయువు పేలి కిటికీ అద్దాలు పగలటమూ జరిగింది. రెక్కలు తక్కువై, వేగంగా తిరిగితేనే మేలని గాలి సొరంగంలో పరీక్షించి తేల్చాడు. పల్లెలలో విద్యుత్తు పనులకు యువకులను తయారుచేశాడు. వారిలో 1904లో చదువుకొన్న యోహానెస్ యూల్ ఒకడు.

యూల్ 1957లో గెడ్సర్ వద్ద 200 కిలోవాట్ల మూడు రెక్కల యంత్రాన్ని నిలిపాడు. అందులోని జనరేటరు మన తోటల్లో నీరు తోడే మోటారు జాతిదే. సెకనుకు 50 ఆవర్తనాల విద్యుత్తుపై, నాలుగు ధ్రువాల మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. మోటారు దానికి కొంచెం వెనుకబడి తిరుగుతుంది. గాలి దానిని నెట్టి 1500 దాటించిందా, ఆ మోటారే తీగలలోకి విద్యుత్తును పంపుతుంది! వేగాన్ని అదుపులో ఉంచే పని తీగల వలయానిదే. గాలి మరీ ఉధృతమైతే రెక్కల ఆకారమే పట్టు సడలిస్తుంది. చౌక చమురు ముందు నిలవలేక అది 1967లో ఆగిపోయింది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాతగాని దాని విలువ లోకానికి తెలిసిరాలేదు. డెన్మార్కు తరహా యంత్రాలు మన దేశానికీ వచ్చాయి. 1990 దశకంలో అనంతపురం జిల్లా రామగిరి కొండలపై గాలిమరలు వెలిశాయి.

ఒకే వేగానికి కట్టుబడిన జనరేటరు మారే గాలిని పూర్తిగా వాడుకోలేదు. అందుచేత తరువాతివారు రోటారు చుట్టలకు కూడా ఎలక్ట్రానిక్ పరికరాల ద్వారా విద్యుత్తునిచ్చి వేగం మారే వీలు కల్పించారు. మరికొందరు పళ్లచక్రాలనే తీసివేసి, అనేక ధ్రువాలున్న పెద్ద వలయాన్ని రెక్కలతోపాటే మెల్లగా తిప్పారు. ఇందులో శాశ్వత అయస్కాంతాలు వాడితే నియోడిమియం కావాలి. అది సులభంగా దొరికే లోహం కాదు. అందుకే రాగి చుట్టలనే నమ్ముకొన్న తయారీదారులూ ఉన్నారు.