గుడి, చెరువు, అడవి: రామప్ప లోయను కలిపి చదవడం

వరంగల్ నించి ములుగు మీదుగా పాలంపేటకి డెబ్భై కిలోమీటర్లు ఉంటుందేమో. వారాంతంలో ఆ దారిలో వెళ్లే వాళ్ల కార్యక్రమం దాదాపు ఒకేలా ఉంటుంది. పొద్దున రామప్ప గుడి, ఆ తర్వాత చెరువు కట్ట మీద కాసేపు, మధ్యాహ్నం ఎక్కడో బిర్యానీ, సాయంత్రం లక్నవరం వేలాడే వంతెన మీద ఫొటోలు. వారసత్వం ఒక చోట, ప్రకృతి ఇంకో చోట, తిండి మరో చోట. నాకు పేచీ ఉన్నది ఈ విభజనతోనే. ఆ లోయలో ఈ మూడూ వేరువేరుగా పుట్టలేదు. ఒకే కాలంలో, ఒకే అవసరం నించి, దాదాపు అవే చేతుల మీదుగా పుట్టినవి. విడదీసి చూస్తే మూడూ అందంగానే కనిపిస్తాయి గానీ ఏ ఒక్కటీ పూర్తిగా అర్థం కాదు.

మొదట గుడి సంగతి. ఆవరణలో ఉన్న శాసనం ప్రకారం 1213లో దీన్ని కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాని. ఈయన ఉత్త సేనాని మాత్రమే కాదు. పన్నెండో శతాబ్దం చివర యాదవులతో యుద్ధంలో మహాదేవుడు చనిపోయి, ఆయన కొడుకు గణపతిదేవుడు శత్రువుల చేతికి చిక్కినప్పుడు, కాకతీయ రాజ్యం చెదిరిపోకుండా నిలబెట్టినవాడిగా చరిత్రలో ఈయనకి పేరుంది. 1199లో గణపతిదేవుడు తిరిగొచ్చి పట్టమెక్కాడు, 1262 దాకా పాలించాడు. అంటే రామప్ప గుడి ఒక సంక్షోభం దాటిన రాజ్యం ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో లేచిన కట్టడం. అలాంటి రోజుల్లో ఒక సామంతుడు రాజధానికి అంత దూరాన, అడవి అంచున, ఇంత ఖర్చు ఎందుకు పెట్టాడు? భక్తి అన్నది నిజమైన జవాబే. కానీ అది సగం జవాబు. మిగతా సగం గుడికి ఒక కిలోమీటరు దూరంలో ఉంది. అదే చెరువు.

ఈ ప్రాంతం నేల స్వభావం చూడండి. కింద గట్టి రాయి, పైన పలచని మట్టి. వానలు నాలుగు నెలలే, అవి కూడా నమ్మకం లేనివి. పడ్డ నీళ్లు పల్లానికి పరిగెత్తి వాగుల్లో కలిసి గోదావరికి పోతాయి. నది పక్కన ఉన్నవాడికి కాలువ చాలు. ఇక్కడ నీటిని పారిపోకుండా ఆపాలి. రామప్ప చెరువుని కట్టినవాళ్లు ఆ భూమి ఇచ్చిన వీలునే వాడుకున్నారు. చుట్టూ గుట్టలున్న చోటు చూసి, నీళ్లు బయటికి పోయే సందుకి అడ్డంగా కట్ట పోశారు. పని చాలావరకు కొండలే చేసిపెట్టాయి. కట్టలో తూములు పెడితే కింది పొలాలకి లెక్కగా నీళ్లు వదలొచ్చు, అలుగు ఉంటే వరద వచ్చినప్పుడు కట్ట తెగదు. అలుగు దూకిన నీళ్లు వృథా పోకుండా కింద ఇంకో చెరువులో చేరతాయి. తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు అనేది దీన్నే. లక్నవరం కథ కూడా ఇదే. దక్షిణాన పాకాల చెరువు కథ కూడా ఇదే, కాకపోతే దాని నీళ్లు మున్నేరుగా పారి కృష్ణలో కలుస్తాయి. రెండు మహానదుల మధ్య ఉన్న మెట్ట మీద కూర్చుని, రెండు వైపులకీ జారిపోయే నీటిని కాకతీయులు చెరువుల్లో పట్టి ఉంచారు.

చెరువు కట్టడం ఒకసారి చేసే పని, నిలబెట్టుకోవడం ఏటేటా చేసే పని. పూడిక తియ్యాలి, గండి పడితే పూడ్చాలి, తూము తలుపు చూసే మనిషి కావాలి. దీనికి కాకతీయుల కాలపు శాసనాల్లో కనిపించే ఏర్పాటు దశబంధం. చెరువు కట్టినా, బాగుచేసినా వాళ్లకి ఆ చెరువు కింది ఆయకట్టులో ఒక వంతు దక్కేది. మరమ్మతు ఆగితే వాటా ఆదాయమూ పడిపోతుంది కాబట్టి బాధ్యత ఎవరిదన్న తగువు లేదు. దీనికి తోడు మన సంప్రదాయంలో సప్తసంతానాలనే ఊహ ఉంది. కొడుకుతో సమానంగా చెరువు, గుడి, తోట, అగ్రహారం, కావ్యం, నిధి కూడా మనిషి పేరు నిలబెట్టే సంతానమే. ఒక సామంతుడు చెరువు తవ్వించి, అడవి అంచున కొత్త పొలం తీయించి, పక్కనే గుడి కట్టి, ఆ గుడికి భూములిస్తే అతనికి పుణ్యం, పేరు, పన్ను మూడూ వస్తాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1978 నాటి పుస్తకంలోనూ, సింథియా టాల్బట్ 2001 నాటి పుస్తకంలోనూ శాసనాల ఆధారంగా చూపించిన కాకతీయ సమాజం ఇలా మెట్ట నేలల్లోకి సేద్యాన్ని విస్తరిస్తూ పెరిగినదే. ఆ లెక్కన చూస్తే రామప్ప గుడి ఒక వ్యవసాయ విస్తరణకి వేసిన రాతి ముద్ర.

మరి మన కళ్లు గుడి దగ్గరే ఎందుకు ఆగిపోయాయి? దానికీ ఒక చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలో 1914లో ఏర్పడ్డ పురావస్తు శాఖకి తొలి అధిపతి గులాం యజ్దానీ. పాలంపేట గుళ్ల మీద ఆయన రాసిన గ్రంథం 1922లో భారత పురావస్తు శాఖ ప్రచురణల్లో వచ్చింది. రామప్పను బయటి ప్రపంచానికి పరిచయం చేసింది అదే అనొచ్చు. తర్వాత నటరాజ రామకృష్ణ, గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళిని, గుడి గోడల మీది నాట్య భంగిమల్ని పక్కపక్కన పెట్టుకుని పేరిణిని మళ్లీ లేపారు. ఈ ఇద్దరికీ మనం ఎంతో రుణపడి ఉన్నాం. కాకపోతే వాళ్లు నేర్పిన చూపు శిల్పం మీద నిలిచే చూపు. నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలే ఇటుకలు, పునాదిలో పోసిన ఇసుక, వీటి గురించి ఇవాళ బడిపిల్లలు కూడా చెప్తారు. తూము ఎలా పనిచేస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కూడా రుద్రేశ్వరాలయమే. ఒక కట్టడంగా చేరింది.

వేరేలా చేరిన చోటు ఒకటి ఇటలీలో ఉంది. సియెనా నగరానికి దక్షిణాన ఓర్చా అనే చిన్న నది లోయని, వాల్ దోర్చాని, 2004లో మొత్తం లోయగా ఆ జాబితాలోకి తీసుకున్నారు. అక్కడ గుర్తింపు వచ్చింది ఒక చర్చికో కోటకో కాదు, పొలాలు, దారులు, గుట్టల మీది ఊళ్లు అన్నిటికీ కలిపి. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో సియెనా తన అధీనంలోకి వచ్చిన పల్లెసీమని ఆలోచించి తీర్చిదిద్దుకుంది, ఆ తీరే వారసత్వం అన్నది అక్కడి వాదన. సియెనా పాలన భవనంలో లోరెంజెట్టి 1338-39లో గీసిన గోడచిత్రంలో మంచి పాలన అంటే ఏంటో చూపించడానికి నగరంతో పాటు దున్నుతున్న పొలాలూ కనిపిస్తాయి. అందుకే వాల్ దోర్చా వెళ్లినవాడికి తాను తినే రొట్టె, తాగే వైన్, చూసే కొండవాలు ఒకే కథలో భాగమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఆ చిత్రం గీయడానికి నూట పాతికేళ్ల ముందే మన దగ్గర ఒక సేనాని లోయని తీర్చిదిద్దాడు. మనం మాత్రం గుడిని చూసి లోయని పార్కింగ్ స్థలంగా వాడుకుంటున్నాం.

అన్నట్టు ఇటలీ వాడొకడు కాకతీయ రాజ్యం అంచుకి వచ్చాడు కూడా. వెనీస్ వర్తకుడు మార్కో పోలో వర్ణించిన ముట్ఫిలి మన మోటుపల్లే. వర్తకుల్ని ఓడలు చెడినా దోచుకోబోమని గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించిన రేవు అది. అక్కడి రాణి పాలననీ, సాలెగూడు లాంటి సన్నని బట్టలనీ, వజ్రాలనీ పోలో మెచ్చుకున్నాడు. రుద్రమని చనిపోయిన రాజు భార్యగా రాశాడు గానీ ఆమె నిజానికి గణపతిదేవుడి కూతురు. రేవులో నిలబడ్డ వర్తకుడికి అమ్మకానికి వచ్చిన సరుకే కనిపిస్తుంది, ఆ సరుకు వెనక ఉన్న వరిమళ్లు కనిపించవు. వారాంతపు యాత్రికుడిదీ అదే చూపు.

ఇక్కడిదాకా చెప్పింది కట్ట కింది వైపు కథ. కట్ట పైవైపున అడవి ఉంది, దానికి వేరే జ్ఞాపకం ఉంది. పాలంపేటకి తూర్పున తాడ్వాయి అడవుల్లో మేడారం. కోయల కథ ప్రకారం కరువు వచ్చి కప్పం కట్టలేకపోతే ప్రతాపరుద్రుడి సేన వాళ్ల మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ పోరులో పడిపోయారు. జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం వదిలితే అది జంపన్న వాగు అయింది. సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది, అక్కడ కుంకుమ భరిణె దొరికింది. దీనికి శాసనం లేదు. గుడి లేదు, విగ్రహం లేదు, ఉన్నవి గద్దెలే. అయినా రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల జనం వస్తారు, బెల్లాన్ని బంగారం అని పిలిచి మొక్కు చెల్లిస్తారు.

కరువుని గెలవడానికి చెరువులు కట్టిన వంశాన్ని, కరువులో పన్ను అడిగిన వంశంగా ఇంకొకరు గుర్తుపెట్టుకున్నారు. ఈ రెండూ అబద్ధం కానక్కర్లేదు. చెరువు నీళ్లు పల్లానికే పారతాయి, పన్ను అడిగే చెయ్యి మాత్రం ఎత్తుకి కూడా చేరుతుంది. వాల్ దోర్చాలోనూ రైతు చెమట ఒకడిది, భూమి సియెనా వర్తకుడిది. లోయని లోయగా చూడటం అంటే ఈ ఇబ్బందికరమైన సగాన్ని కూడా చూడటం.

తిండి కూడా ఈ రెండు సగాల్నీ చెప్తుంది. కట్ట కింద వరి అన్నం, చెరువులో పట్టిన కొర్రమట్ట పులుసు. కట్ట పైన జొన్న గటక, అంబలి, ఎండబెట్టిన ఇప్పపువ్వు. హోటల్ బిర్యానీకి ఈ కథలో చోటు లేదు. దానిమీద నాకు కోపం ఏమీ లేదు, కానీ ఆ లోయ గురించి అది ఏమీ చెప్పదు.

2015లో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల పూడికతీతకి మిషన్ కాకతీయ అని పేరు పెట్టినప్పుడు కనీసం ఆ పేరులోనైనా గుడికి బదులు చెరువు ముందుకొచ్చింది. పర్యాటకానికి మాత్రం ఆ బుద్ధి ఇంకా రాలేదు. రోడ్లు, గదులు, లైట్లు గుడి చుట్టూ పెరుగుతున్నాయి. రేపు ఆయకట్టు పొలాలు రిసార్టులైతే మదనికలకి ఏమీ కాదు, యునెస్కో బోర్డుకీ ఏమీ కాదు. ఆ గుడి ఎందుకు అక్కడుందో చెప్పే సాక్ష్యం మాత్రం పోతుంది.

ఈసారి వెళ్తే వరస మార్చి చూడండి. వీలైతే మేడారం నించి మొదలుపెట్టి, జంపన్న వాగు దాటి, లక్నవరం చూసి, రామప్ప చెరువు కట్ట మీద ఈ చివర నించి ఆ చివరకి నడవండి. తూము ఎక్కడుందో అక్కడి రైతుని అడిగితే చూపిస్తాడు. ఆ నీళ్లు పోయే దారిలో పొలాల వైపు వచ్చి, అప్పుడు గుడిలోకి వెళ్లండి.