37లో ఒకటి

2004 డిసెంబర్ 26, ఆదివారం. అప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్. క్రిస్మస్ సెలవులని చీరాల దగ్గర అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. పొద్దున తొమ్మిది దాటాక వాడరేవు వైపు నుంచి వచ్చినవాళ్ళు సముద్రం ఊళ్ళోకి వచ్చేసిందని చెప్పారు. మావయ్య నమ్మలేదు. "గాలీ వానా లేకుండా ఉప్పెనేంట్రా?" అన్నాడు. ఆయనకి తెలిసిన ఉప్పెన 1977 నాటి దివిసీమది. సునామీ అన్న మాట మా ఇంట్లోకి ఆ సాయంత్రం టీవీలోంచి వచ్చింది. కిటికీ పక్కన ల్యాండ్‌లైన్ ఫోనుండేది. ఆ రోజంతా మోగుతూనే ఉంది. కానీ మొదటిసారి మోగేసరికి పది దాటింది.

సరిగ్గా అదే వారంలో ఇంకో హెచ్చరిక కథ కూడా నడిచిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఒక గ్రహశకలం కథ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అప్పట్నుంచీ నాకు అలవాటైపోయింది.

ఆ ఏడాది జూన్ 19న అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని కిట్ పీక్ కొండ మీద నుంచి రాయ్ టకర్, డేవిడ్ థోలెన్, ఫాబ్రిజియో బెర్నార్డి ఒక కొత్త గ్రహశకలాన్ని కనిపెట్టారు. రెండు రాత్రులు చూడగలిగారు, అంతే. ఆ తర్వాత తప్పిపోయింది. దానికి 2004 ఎంఎన్4 అని తాత్కాలికంగా పేరు పడింది. ఆర్నెల్ల తర్వాత, డిసెంబర్ 18న, ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ నుంచి ఆకాశాన్ని గాలిస్తున్న గోర్డన్ గారాడ్‌కి కదిలే చుక్క ఒకటి దొరికింది. తర్వాతి రోజుల్లో వేరే వేరే దేశాల నుంచి కొలతలు వచ్చాక, అది జూన్‌లో తప్పిపోయినదేనని తేలింది.

తేల్చింది మైనర్ ప్లానెట్ సెంటర్. 1947లో సిన్సినాటిలో మొదలై, 1978లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జికి మారిన ఒక చిన్న ఆఫీసు. గ్రహశకలాల మీద ప్రపంచంలో ఎవరు ఏ కొలత తీసినా అక్కడికే పంపుతారు. అప్పట్లో ఒక్కో కొలతా 80 అక్షరాల ఒక్క లైను, పంచ్‌కార్డుల కాలం నాటి కొలత అది. అందులో వస్తువు పేరు, టైము, ఆకాశంలో అది కనబడిన చోటు, వెలుగు, చివర్న అబ్జర్వేటరీ కోడు మూడక్షరాలు. పెద్ద అబ్జర్వేటరీ అయినా, పెరట్లో సొంత టెలిస్కోపు పెట్టుకున్న స్కూలు మాస్టారైనా అదే లైను. నాలాంటి ప్రోగ్రామర్లకి ఇలాంటివి చూస్తే ముచ్చటేస్తుంది.

ఇంతమంది ఎందుకంటే, ఏ ఒక్క టెలిస్కోపూ ఈ పని చెయ్యలేదు కాబట్టి. అరిజోనాలో తెల్లారిపోతుంది. ఇంకోచోట మబ్బు పడుతుంది. ఉత్తరార్ధగోళం వాళ్ళకి కనబడనిది దక్షిణాన కనబడుతుంది. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకోవాలి.

లెక్కలు కట్టడం మొదలుపెట్టగానే ఒక తేదీ బయటపడింది: 2029 ఏప్రిల్ 13. ఆ రోజు అది భూమిని గుద్దే అవకాశం ఉంది. డిసెంబర్ 23న సుమారు 300లో ఒకటి అన్నారు. మర్నాటికి అరవై చిల్లరలో ఒకటి. 27కి 37లో ఒకటి, అంటే 2.7 శాతం. ముప్పుని సున్నా నుంచి పది దాకా కొలిచే టోరినో స్కేలు మీద నాలుగు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఏ గ్రహశకలమూ ఆ మెట్టు ఎక్కలేదు.

ఎక్కువ చూసేకొద్దీ ముప్పు పెరగడమేంటని అనిపిస్తుంది కదా. నాకు దీన్ని వలతో ఊహించుకుంటే అర్థమైంది. పాతికేళ్ళ తర్వాత ఆ రాయి ఎక్కడుంటుందో ఇప్పుడే చెప్పమంటే వేలు పెట్టి చూపించలేం. ఇంత మేర ఎక్కడో ఉంటుందని ఒక పెద్ద వల పరవగలం. ఆ వలలో భూమి చిన్న చేప. కొత్త కొలత వచ్చినప్పుడల్లా వల దగ్గరికి గుంజుకుంటుంది. చేప ఇంకా లోపలే ఉందంటే, చిన్నదైన వలలో దాని వాటా పెరుగుతుంది. దాదాపు ఎప్పుడూ ఒక రోజున వల చేప మీంచి జారిపోతుంది, అంకె ఒక్కసారిగా సున్నా వైపు పడిపోతుంది. అప్పటిదాకా పెరుగుతూనే ఉంటుంది. దీన్ని జనానికి చెప్పడం ఎంత కష్టమో వాళ్ళకి 1998లోనే తెలిసింది. ఆ మార్చిలో 1997 ఎక్స్ఎఫ్11 అనే గ్రహశకలం 2028లో ప్రమాదకరంగా దగ్గరికి రావచ్చని ప్రకటన వచ్చింది. మర్నాడే 1990 నాటి పాత ఫోటోల్లో అది దొరికింది, ముప్పు లేదని తేలింది. పరువు పోయింది. ఆ దెబ్బతోనే పద్ధతులు ఏర్పడ్డాయి. పసడీనాలో ఒక ప్రోగ్రాము, ఇటలీలోని పీసాలో ఇంకొకటి, విడివిడిగా లెక్కేసి ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం అలా వచ్చిందే.

అంకెలు అలా ఎగబాకుతున్న రోజుల మధ్యలోనే డిసెంబర్ 26 వచ్చింది. మన టైము ప్రకారం పొద్దున 6:29కి సుమత్రా పక్కన సముద్రం అడుగు చీలింది. ప్రపంచమంతా ఉన్న భూకంప యంత్రాలు దాన్ని పట్టుకున్నాయి. పదిహేను నిమిషాల్లో హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం నుంచి బులెటిన్ వెళ్ళింది: పసిఫిక్ తీరాలకి ముప్పు లేదు. అది నిజమే. ఇంకో యాభై నిమిషాలకి రెండో బులెటిన్ వచ్చింది. భూకంపం అనుకున్నదానికన్నా పెద్దది, దాని దగ్గర్లో సునామీ రావచ్చు అని. ఆ బులెటిన్లు వెళ్ళే జాబితా పసిఫిక్ దేశాలది. హిందూ మహాసముద్రానికి అలాంటి జాబితా లేదు. కెరటం మన తీరానికి చేరడానికి రెండు గంటలకి పైనే పట్టింది. మొత్తం పద్నాలుగు దేశాల్లో దాదాపు 2,30,000 మంది పోయారు. మన ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా.

మర్నాడు, 27న, అరిజోనాలో స్పేస్‌వాచ్ అనే బృందానికి చెందిన జెఫ్ లార్సెన్, ఆన్ డెకూర్ పాత ఫోటోలు తవ్వారు. మార్చి 15న, అంటే ఆ గ్రహశకలాన్ని ఎవరూ కనిపెట్టకముందే, వాళ్ళ టెలిస్కోపు తీసిన ఫోటోల్లో అది చాలా మసకగా పడి ఉంది. ఆ చుక్కల్ని కొలిచి పంపారు. వల భూమి మీంచి జారిపోయింది. 2029 ముప్పు లేదని ఆ రోజే తేలిపోయింది. అప్పటికి పేపర్ల నిండా శవాలు. ఈ వార్త ఎవరికి పట్టింది?

ఇక్కడ ఒక చవకబారు నీతి రెడీగా ఉంటుంది: పాతికేళ్ళ తర్వాతి రాయి కోసం ఆకాశంలోకి చూస్తూ, కాళ్ళ దగ్గర సముద్రాన్ని మర్చిపోయారని. ఇంజనీరింగ్ రోజుల్లో నేనూ ఇలాగే వాదించేవాణ్ణి. ఇప్పుడు అది తప్పనిపిస్తుంది. ఆకాశం వాళ్ళ దగ్గరున్నవేమీ అద్భుతమైన యంత్రాలు కావు. 80 అక్షరాల లైను, దాన్ని అందుకునే ఆఫీసు, తిరిగి ఎవరికి చెప్పాలో తెలిసిన అలవాటు. సముద్రం సంగతి కూడా హవాయిలో కొందరికి అరగంటో గంటో ముందుగా అనుమానం తగిలింది. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియలేదు.

మరి ఒకచోట జాబితా ఎందుకుంది, ఇంకోచోట ఎందుకు లేదు? పసిఫిక్‌లో 1946లో హవాయి మునిగాక 1949లో కేంద్రం వచ్చింది. 1960లో చిలీ భూకంపం జపాన్ దాకా ప్రాణాలు తీశాక, 1965లో దేశాలన్నీ కలిశాయి. ప్రతి జాబితా వెనకా శవాలున్నాయి. గ్రహశకలాల విషయంలో మన అదృష్టం ఏమిటంటే, ఆ దెబ్బ వేరేవాళ్ళకి తగిలింది. 1994 జులైలో షూమేకర్-లెవీ 9 తోకచుక్క ముక్కలు గురుగ్రహాన్ని గుద్దుకుంటుంటే ప్రపంచమంతా చూసింది. చూశాకే డబ్బులొచ్చాయి, గాలింపు ఊపందుకుంది. మనిషి చచ్చిపోకుండా కట్టుకున్న అరుదైన కాపలా అది.

హిందూ మహాసముద్రానికీ జాబితా వచ్చింది, కాకపోతే 2004 తర్వాత. 2007 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో కలిసి ఆ సముద్రం చుట్టూ ఉన్న దేశాలకి కూడా చెబుతోంది. ఆకాశం వాళ్ళు కూడా ఆగిపోలేదు. ఐక్యరాజ్యసమితి ప్రోత్సాహంతో గ్రహశకలాల హెచ్చరిక నెట్‌వర్కు ఏర్పడింది. ఆ పాత 2004 ఎంఎన్4కి ఇప్పుడు అపోఫిస్ అని పేరు. 2020 చివర్లో అది మళ్ళీ కనబడినప్పుడు, దాన్ని అప్పుడే కొత్తగా కనిపెట్టినట్టు నటిస్తూ రిహార్సల్ చేశారు. 2021 రాడార్ కొలతలతో కనీసం వందేళ్ళ దాకా దానితో ముప్పు లేదని తేలింది. రిహార్సల్ ఊరికే పోలేదు. 2024 వైఆర్4 అనే ఇంకో రాయి 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతం దాకా ఎక్కి అపోఫిస్ అంకెని దాటేసింది, వారం తిరక్కుండా వల జారిపోయింది.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక రాత్రి సర్వర్లు పడిపోయాయి. అలారం సరిగ్గానే వెళ్ళింది, ఆర్నెల్ల కింద ఉద్యోగం మానేసిన మనిషి ఫోనుకి. జాబితా ఉంటే చాలదు, దాన్ని ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలని ఆ రాత్రి నేర్చుకున్నాను.

మొన్న సంక్రాంతికి మావయ్యకి ఈ కథంతా చెప్పాను. 2029లో ఆ రాయి నేలకి 32,000 కిలోమీటర్ల ఎత్తులో, మన టీవీ ఉపగ్రహాల కన్నా కిందనుంచి పోతుందని చెబితే ఆశ్చర్యపోయాడు. తర్వాత కాసేపు ఊరుకుని అడిగాడు.

"మరి ఆ రాయి సంగతి పాతికేళ్ళ ముందే తెలిసినప్పుడు, ఈ సముద్రం సంగతి ఆ పొద్దున ఎవరికీ తెలీదా?"

"కొంచెం తెలుసు మావయ్యా. మన నంబరే వాళ్ళ దగ్గర లేదు."

"ఇప్పుడుందా?"

"ఉంది. హైదరాబాద్‌లోనే."

ఆయన కిటికీ వైపు చూశాడు. "ల్యాండ్‌లైన్ పీకించేసి నాలుగేళ్ళయింది కదరా," అన్నాడు.