గాలి పాఠం, నీటి పాఠం

మారిషస్ తెలుగువారమైన మనకు తుఫాను కొత్త కాదు. 1960 జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి 28న కరోల్ వచ్చి చెరకాకు కప్పిన ఇళ్ళను, రేకుల ఇళ్ళను వేలకొలదిగా కూల్చివేశాయి. ఆ ఏడే ప్రభుత్వం కేంద్ర గృహనిర్మాణ సంస్థను స్థాపించి, గాలికి నిలిచే కాంక్రీటు ఇళ్ళు కట్టించింది. రేడియోలో మూడవ తరగతి హెచ్చరిక వినగానే తలుపులు బిగించుకోవడం మనకు అలవాటయింది.

కాని కుండపోత వాన అలా ముందుగా చెప్పి రాదు. 2013 మార్చి 30న పోర్ట్ లూయీ వరదలో 11 మంది మరణించారు. వారిలో కొందరు బాటసారుల సొరంగంలో చిక్కుకొన్నవారే. ఆ ఏడాదే జాతీయ విపత్తుల నిర్వహణ కేంద్రం ఏర్పడింది. 2016లో చట్టం వచ్చింది.

గట్టి గోడ మన ఇంటిని కాపాడుతుంది. కాలువను మనం పూడ్చితే మునిగేది పొరుగువారు. ఈ రెండవ పాఠం కూడా మన పిల్లలకు నేర్పుదాం.